యల్లాప్రగడ సుబ్బారావు

గౌతమి, వసిష్ఠ అనే రెండు గోదావరి పాయల నడుమ, బంగాళాఖాతం అంచున ఒదిగిన పచ్చని భూభాగం కోనసీమ. వైనతేయ మరొక పాయగా చీలి అమలాపురం వైపును రాజోలు వైపు నుంచి వేరు చేస్తుంది. ఎగువన కొత్తపేట మొదలుకొని దిగువన సముద్రతీరం వరకు కొబ్బరితోటలూ వరిచేలూ పరచుకొని ఉంటాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువల నీరు ఈ నేలకు కరవు లేకుండా చేసింది. అయితే ఆ నీరే మురుగుగుంటల్లోనూ, కొబ్బరి డొక్కలు నానవేసే గోతుల్లోనూ, ఇళ్ల వెనుక కదలక నిలిచిన చోట దోమలను కూడా పెంచింది. ఆ దోమలు మోసుకొచ్చిన వ్యాధి బోదకాలు. ఒకప్పుడు కోనసీమ పేరుతోపాటు ఈ వ్యాధి పేరు కూడా వినవచ్చేది. కాలు వాచిన పురుషులు పంచెను మడమల వరకు దించి కట్టుకొనేవారు. స్త్రీలు గడప దాటడానికే వెనుకాడేవారు. ఆ ఇంటి పిల్లల పెళ్లి సంబంధాలు సైతం కుదిరినట్టే కుదిరి తప్పిపోయేవి.

బోదకాలు కొత్త వ్యాధి కాదు. నీరు ఏడాది పొడవునా నిలిచి ఉండే చల్లని ప్రదేశాల్లో శ్లీపదం అధికమని సుశ్రుత సంహిత ఏనాడో గుర్తించింది. దోమకూ వ్యాధికీ గల సంబంధం తెలియని కాలంలో, నీటికీ వ్యాధికీ గల సంబంధాన్ని పసిగట్టడం సామాన్య విషయం కాదు. అయినా ఈ వ్యాధిని కలిగించే పురుగుపై గట్టిగా పనిచేసే మందు 1947 వరకు వైద్యుల చేతికి రాలేదు. ఆ మందు వెనుక నిలిచిన శాస్త్రవేత్త అమెరికాలో పనిచేసినా, పుట్టింది మాత్రం కోనసీమకు పొరుగునే. రాజోలు వైపు నుంచి చించినాడ వద్ద వసిష్ఠను దాటి, పాలకొల్లు మీదుగా వెళితే భీమవరం వస్తుంది. అక్కడే 1895 జనవరి 12న యల్లాప్రగడ సుబ్బారావు జన్మించారు.

తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. తండ్రి రెవెన్యూ శాఖలో చిరుద్యోగి. అనారోగ్యం వల్ల ఆయన ఉద్యోగం ముందే ముగిసింది. పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. రాజమహేంద్రవరంలో చదువుకుంటున్న సుబ్బారావుకు పుస్తకాల మీద మనసు నిలవలేదు. పదమూడేళ్ల వయసులో, కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి ధనం సంపాదించాలని ఇల్లు విడిచి బయలుదేరాడు. తల్లి వెతికించి వెనక్కు రప్పించింది. కుర్రవాడు మెట్రిక్యులేషన్ పరీక్షలో ఒకసారి కాదు, రెండుసార్లు తప్పాడు. వెంకమ్మ ఒంటి మీది బంగారం అమ్మి మద్రాసుకు పంపింది. అక్కడి హిందూ ఉన్నత పాఠశాల నుంచి మూడవ ప్రయత్నంలో ఉత్తీర్ణుడయ్యాడు. తరువాత ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ చదివాడు. పరీక్షలో తప్పడాన్ని జీవితంలో తప్పడంగా భావించే విద్యార్థులు ఈ వరుసను కొంచెం నిదానంగా చదవడం మంచిది.

యువకుడిగా ఆయన రామకృష్ణ మఠంలో చేరి సన్న్యాసి కావాలనుకున్నారు. తల్లి అంగీకరించలేదు. సేవ చేయాలనే కోరిక వైద్యవిద్యగా మళ్లింది. మద్రాసు వైద్య కళాశాలలో చేరిన కొంతకాలానికి, 1919లో శేషగిరితో వివాహం జరిగింది. చదువుకు మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి ఆర్థికంగా అండగా నిలిచారు. అవి స్వాతంత్ర్యోద్యమపు రోజులు. సుబ్బారావు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు దుస్తులతో వెళ్లారు. ఆంగ్లేయుడైన ఆచార్యునికి అది నచ్చలేదు. పరీక్షల్లో బాగా రాసినప్పటికీ ఎం.బి.బి.ఎస్. పట్టా ఆయనకు దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే ఇచ్చారు. ఫలితంగా ప్రభుత్వ వైద్యసేవలో చేరే దారి మూసుకుపోయింది. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూ కొంతకాలం గడిపారు.

ఈలోగా ఇంట్లో మృత్యువు తిష్ఠ వేసింది. స్ప్రూ అనే పేగుల వ్యాధితో ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాలో మరణించారు. అదే వ్యాధి సుబ్బారావుకూ సోకింది. ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు. వైద్యం చదివిన వాడై ఉండి, ఇంటిలోని వ్యాధికి కారణమేమిటో తెలియకపోవడం ఆయనను కలచివేసింది. రోగి పక్కన కూర్చొనే వైద్యుడి కంటే, మందు వెతికే పరిశోధకుడే కావాలనే నిశ్చయం ఆ దుఃఖంలో నుంచి వచ్చింది. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయానికి ముందుకు రావడంతో, మామగారి అండతో 1922లో ఓడ ఎక్కారు. ఆ అక్టోబరులో బోస్టన్ చేరారు. భార్య అప్పుడు గర్భవతి. పుట్టిన కొడుకు నెలల పసివాడుగానే ఎరిసిపెలస్ అనే చర్మవ్యాధితో మరణించాడు. తండ్రి బిడ్డ ముఖం చూడలేదు. ఈ వ్యాధి పేరును గుర్తుంచుకోవాలి. బోదకాలు కథలో ఇది మళ్లీ వస్తుంది.

హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యశాస్త్రంలో డిప్లొమా చదువుతూ, పూట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రిపూట సేవకుడిగా పనిచేశారు. రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేయడం ఆ పనిలో భాగం. పట్టా పొందిన వైద్యుడు ఆ పని చేసినందుకు చిన్నబుచ్చుకున్నట్లు ఎక్కడా కనిపించదు. తరువాత సైరస్ ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి జీవరసాయన శాస్త్రంలో పరిశోధన సాగించారు. రక్తంలోనూ మూత్రంలోనూ ఫాస్పరస్ ఎంత ఉన్నదో కొలిచే పద్ధతిని 1925లో వారిద్దరూ ప్రకటించారు. అది నేటికీ వారి పేర్లతోనే పుస్తకాల్లో ఉంది. కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఎ.టి.పి.ని 1929లో వెలికితీశారు. ఎ.టి.పి.ని అదే కాలంలో జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా కనుగొన్నారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో ఆయనకు స్థిరమైన పదవి లభించలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరారు. కొద్దికాలానికే అక్కడి పరిశోధనలన్నింటికీ నాయకుడయ్యారు.

లెడర్లీలో గడిచిన ఎనిమిదేళ్లు ఆయన జీవితంలో ఫలవంతమైన భాగం. సోదరులను బలిగొన్న స్ప్రూ వ్యాధిలో ఉపకరించే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం 1945లో కృత్రిమంగా తయారుచేసింది. ఆ ఆమ్లానికి ఎదురు పనిచేసే పదార్థాలను కూడా వారు రూపొందించారు. వాటిలో అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు బోస్టన్‌లో రక్త క్యాన్సర్ పిల్లలకు చికిత్స ప్రారంభించారు. మెథోట్రెక్సేట్ ఆ కోవలోదే. ఒక్కొక్కటీ ఒక్కొక్క పాఠానికి తగిన విషయం. ఇక్కడ మాత్రం బోదవ్యాధి మందు గురించే చెప్పుకుందాం.

రెండవ ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులు వేల సంఖ్యలో ఫైలేరియా బారిన పడ్డారు. చేతులూ కాళ్లూ వాచి, గజ్జల్లో బిళ్లలు కట్టి, యుద్ధానికి పనికిరాకుండా వెనుదిరిగారు. అంతవరకు ఉష్ణదేశాల బీదల వ్యాధిగా ఉన్నది ఒక్కసారిగా అమెరికా సమస్య అయింది. శాస్త్రం ఎప్పుడూ అవసరమున్న చోటికే ముందుగా పోదు. ధనమున్న వారికి అవసరం కలిగినప్పుడు త్వరగా పోతుంది.

వ్యాధి కారకమైన పురుగు పేరు ఉచరేరియా బాంక్రాఫ్టి. దారపు పోగులాంటి ఈ పురుగులు మనిషి శోషరస నాళాలలో కాపురం పెట్టి ఏళ్ల తరబడి బతుకుతాయి. ఆడపురుగు కనే సూక్ష్మ శిశువులు లక్షల సంఖ్యలో రక్తంలో తిరుగుతాయి. కోల్‌కతాలో పనిచేసిన లూయిస్ అనే వైద్యుడు 1872లో వీటిని మనిషి రక్తంలో గుర్తించారు. దోమ కడుపులో ఇవి ఎదుగుతాయని 1877లో చైనాలో మాన్సన్ కనుగొన్నారు. పగలంతా లోపలి అవయవాలలో దాగి, రాత్రి పొద్దుపోయాక చర్మం దగ్గరి రక్తనాళాలలోకి రావడం వీటి స్వభావం. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టేదీ ఆ వేళలోనే. ఫైలేరియా సిబ్బంది అర్ధరాత్రి తలుపు తట్టి వేలి నుంచి రక్తపు చుక్క తీసుకోవడం వెనుక ఉన్న కారణం ఇదే. దొంగలేమోనని భయపడిన ఇళ్లు కూడా ఉండి ఉంటాయి!

లెడర్లీలో హెవిట్ అనే పరాన్నజీవి శాస్త్రవేత్త పత్తిచేలలో తిరిగే ఒక జాతి ఎలుకలను తెచ్చారు. వాటికి సహజంగానే ఫైలేరియా వంటి పురుగులు సోకి ఉంటాయి. రసాయన శాస్త్రవేత్తలు కొత్త పదార్థాలను ఒకదాని తరువాత ఒకటి తయారుచేసి ఇవ్వగా, ఆ ఎలుకల మీద వాటిని పరీక్షించారు. ఒక పదార్థం రక్తంలోని శిశుపురుగులను పోగొడితే రోగిని బాధించేది. మరొకటి రోగిని బాధించకపోతే పురుగునూ బాధించేది కాదు. చివరకు పిపరజీన్ వర్గానికి చెందిన డైఇథైల్ కార్బమజీన్ నిలిచింది. సూది అక్కరలేదు, నోటితో మింగితే చాలు. 1947లో ప్యూర్టోరికో దీవిలోని రోగులకు ఇచ్చి చూడగా, శిశుపురుగులు రక్తంలో నుంచి త్వరగా తగ్గిపోయాయి. హెట్రజాన్ అనే పేరుతో అది వెలువడింది. ఈనాడు మన ఆరోగ్య కార్యకర్తలు డి.ఇ.సి. అని పిలిచేది దీనినే. ఈ పరిశోధనా పత్రాల మీద పలువురి పేర్ల నడుమ సుబ్బారావు పేరు ఉంటుంది. ఇది ఒక్కరి ఘనత అని ఆయన ఎన్నడూ చెప్పుకోలేదు. అయితే ఆ ప్రయోగశాలకు దిశ చూపినది ఆయనే.

మరుసటి ఏడాదే, 1948 ఆగస్టులో, నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు కన్నుమూశారు. వయసు యాభైమూడు. ఇరవైఆరేళ్లలో ఒక్కసారి కూడా స్వదేశానికి రాలేదు, అమెరికా పౌరుడూ కాలేదు. ఆయన బృందంలోని డగ్గర్ మట్టిలో నుంచి సాధించిన ఆరియోమైసిన్ అనే సూక్ష్మజీవనాశకం లోకానికి వెల్లడైన కొద్ది వారాలకే ఈ మరణం సంభవించింది. ఆయన శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఇక మందు చేయగలిగినదేమిటి, చేయలేనిదేమిటి అన్నది తెలుసుకోవాలి. కోనసీమలో ఎందరో మోసపోయినది ఇక్కడే. డి.ఇ.సి. రక్తంలోని శిశుపురుగులను చంపుతుంది. పెద్ద పురుగులలో కొన్నింటినే చంపగలదు. కానీ ఇదివరకే దెబ్బతిన్న శోషరస నాళాన్ని అది బాగుచేయలేదు. రక్తనాళాల నుంచి కణాల మధ్యకు ఊరిన ద్రవాన్ని తిరిగి గుండె వైపు తీసుకుపోయేవి ఈ నాళాలు. వాటిలోని చిన్న కవాటాలు చెడితే, ద్రవం పాదం నుంచి పైకి ఎక్కలేదు. వాపు అలా మొదలవుతుంది. మాత్రలు మింగినా కాలు తగ్గలేదని మందును నిందించి, ఆకు పసర్లకూ వాతలకూ కోతలకూ వెళ్లి కాలును మరింత పాడుచేసుకున్నవారు ఎందరో!

తొలి దశలో వాపు సాయంత్రానికి కనిపించి, రాత్రి పడుకొని లేచేసరికి పోతుంది. అందువల్లనే ఎవరూ పట్టించుకోరు. వేలితో నొక్కితే గుంట పడుతుంది. తరువాతి దశలో ఉదయానికీ తగ్గదు. చర్మం మందమై నొక్కినా గుంట పడదు. కాలి రెండవ వేలి మొదట్లో చర్మాన్ని చిటికెతో పైకి తీయలేకపోవడం వైద్యులు చూసే ఒక గుర్తు. ఆ పైన చర్మం మడతలు పడుతుంది, కాయలు కాస్తుంది. చివరకు పాదం మీద నాచు పట్టినట్లు గరుకైన బొడిపెలు లేస్తాయి. మొదటి రెండు దశల్లో శ్రద్ధ వహిస్తే వ్యాధి తరువాతి దశలకు పోకుండా చాలావరకు ఆపవచ్చు. పురుషులకు వచ్చే వరిబీజం కూడా ఈ పురుగు వల్లనే కలగవచ్చు. దానికి శస్త్రచికిత్స ఉంది.

ఒక దశ నుంచి మరొక దశకు కాలును నెట్టేదేమిటి? చాలాకాలం అందరూ పురుగే అనుకున్నారు. బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో రోగులను ఏళ్ల తరబడి పరిశీలించిన గెరూజా డ్రెయర్ అనే వైద్యురాలూ ఆమె సహచరులూ 1990 దశకంలో వేరే సంగతి చూపారు. ద్రవం నిలిచిన కాలికి సూక్ష్మజీవులు సులభంగా సోకుతాయి. వేళ్ల సందుల్లో చర్మం నాని చిట్లినా, గోరు పక్కన గాటు పడినా, అదే వాటికి ద్వారం. ఒక్కసారిగా చలిజ్వరం, కాలంతా ఎర్రబడి మంట, గజ్జలో బిళ్ల. ఇది వచ్చి పోయిన ప్రతిసారీ కొన్ని శోషరస నాళాలు చెడిపోతాయి. కాలు ఇంకొంత లావెక్కుతుంది. సుబ్బారావు పసిబిడ్డను తీసుకుపోయిన ఎరిసిపెలస్ ఈ సూక్ష్మజీవుల పనే. పురుగును చంపే మందు ఈ దాడిని ఆపదు. ఆపగలిగినవి సబ్బూ నీరూ.

వాచిన కాలును రోజుకు రెండుసార్లు, కుదరకపోతే రాత్రి పడుకొనే ముందు ఒకసారైనా, మామూలు నీటితోనూ సబ్బుతోనూ కడగాలి. వేడినీరు వాడరాదు. మడతల లోపల, వేళ్ల సందుల్లో వేలు పోనిచ్చి నెమ్మదిగా రుద్ది, కారే నీరు తేరుకొనే వరకు కడగాలి. తరువాత మెత్తని శుభ్రమైన గుడ్డతో అద్ది, తడి లేకుండా ఆరబెట్టాలి. కొందరు ఆరబెట్టడం దగ్గరే వదిలేస్తారు. కడిగిన ఫలితమంతా అక్కడ పోతుంది. సందుల్లో పగుళ్లుంటే వైద్యుడు చెప్పిన పూతమందు రాయాలి. వరిచేలలో, చెరువుల్లో పనిచేసి వచ్చినవారు ఇంటికి రాగానే కడుక్కోవాలి. కూర్చున్నప్పుడు కాలును పీట మీద చాపుకోవాలి. రాత్రి మంచం కాళ్లవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసుకోవచ్చు. గుండెజబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగి చేయాలి. మడమను పైకీ కిందికీ ఆడిస్తే పిక్క కండరం ద్రవాన్ని పైకి తోస్తుంది. ఒరుసుకోని చెప్పులు వేసుకోవాలి. జ్వరంతో నొప్పి లేచినప్పుడు వ్యాయామం ఆపి, కాలు ఎత్తుగా ఉంచి, చల్లని తడిగుడ్డ వేసి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నొప్పి తగ్గేవరకు డి.ఇ.సి. వాడరు.

ప్రతి వాపూ బోద కాదు. రెండు కాళ్లూ ఒకేసారి వాస్తే గుండె, మూత్రపిండాలు పరీక్షించవలసి రావచ్చు. ఒక పిక్క హఠాత్తుగా వాచి నొప్పిపెడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అది అత్యవసరం. రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో చంకలోని శోషరస గ్రంథులు తీసివేసిన స్త్రీలకు ఏళ్ల తరువాత చేయి వాచవచ్చు. పురుగూ దోమా లేకపోయినా అక్కడ జరిగేది అదే. ఆ క్యాన్సర్ చికిత్సలో మెథోట్రెక్సేట్ కూడా వాడుకలో ఉండటం విశేషం. చేతికి గాయం కాకుండా చూసుకోవడం, శుభ్రత, వైద్యుడు సూచించిన బిగుతు తొడుగు వారికి రక్ష.

భారత ప్రభుత్వం 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం ప్రారంభించింది. సుబ్బారావు చదువుకున్న రాజమహేంద్రవరంలోనే ఫైలేరియా సిబ్బందికి శిక్షణ ఇచ్చే కేంద్రం వెలసింది. 2004 నుంచి వ్యాధి ఉన్న జిల్లాల్లో ఏడాదికొకసారి అందరికీ డి.ఇ.సి. మాత్రలు మింగించే పద్ధతి వచ్చింది. తరువాత దానికి ఆల్బెండజోల్ తోడైంది. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవారికి ఇవ్వరు. 2027 నాటికి దేశంలో వ్యాధిని నిర్మూలించాలని ప్రభుత్వం లక్ష్యం పెట్టుకుంది. ఇదివరకే కాలు వాచినవారికి సబ్బు, తువ్వాలు, పూతమందు, తొట్టి కలిసిన సంచిని ఆరోగ్య సిబ్బంది ఇచ్చి కడిగే విధానం నేర్పుతున్నారు. రెండు కాళ్లకూ తీవ్రదశలో వ్యాధి ఉన్నవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పింఛను ఇస్తోంది.

మాత్రలు పంచే రోజున ఆరోగ్యంగా ఉన్నవాడు తనకెందుకని వాటిని గూట్లో పెట్టేస్తాడు. వాపు కనిపించడానికి ఏళ్ల ముందే పురుగు ఒంట్లో ఉండవచ్చు. వాపు లేని ఆ మనిషి రక్తమే దోమకు ఆహారమై, పొరుగింటికి వ్యాధిని చేరవేస్తుంది. మింగిన రాత్రి కొందరికి జ్వరం, తలనొప్పి వస్తాయి. చచ్చిన శిశుపురుగుల వల్ల కలిగే ఈ బాధ సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. జ్వరం వచ్చిన ఇంటిని చూసి, మరుసటి ఏడు వీధి మొత్తం మాత్రలు మానుకున్న సందర్భాలున్నాయి. జ్వరం వచ్చినది పురుగు ఉన్నందువల్లనే అని ఆ వీధికి ముందుగా చెప్పవలసి ఉంటుంది.